మొసలి బొమ్మ వేసిన కట్టు

దవాఖానలో కొత్తగా పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, గోడకు ఆనుకుని కూర్చుని, "పెద్దాయనా, నీ కాలం ముచ్చట ఒకటి చెప్పు" అంటారు. వాళ్ళకు చెప్పినట్టే మీకూ చెబుతాను. ఎముకల వార్డు పక్కన ప్లాస్టర్ గది ఉంటుంది చూడండి, నా ఉద్యోగమంతా అందులోనే గడిచింది. నల్గొండ జిల్లాలో, పాలమూరు జిల్లాలో నా చేతి కట్టు పడని ఎముక లేదు. పెద్ద డాక్టర్లు కత్తి పట్టే ముందు తలుపు దగ్గరికి వచ్చి మరీ నన్ను అడిగేవాళ్ళు.

అడిగిన మాట నిజమే. అడిగింది, టీ వచ్చిందా అని.

నా ఎడమ చేతి ఉంగరపు వేలు సగమే ఉంటుంది. ఉద్యోగంలో ఆ సగం వేలు నాకు పనికొచ్చినంతగా మిగతా తొమ్మిదీ పనికిరాలేదు. ఎందుకో చెబుతాను. కట్టు విప్పేటప్పుడు ప్లాస్టర్‌ను కోసే మిషన్ ఉంటుంది. అది చర్మాన్ని కోయదు, ఊరికే వణుకుతుంది. కానీ దాని మోతకు పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు, కాలు గుంజుకుంటారు. అప్పుడు నేను వేలు చూపించేవాణ్ణి. "ఇది ఎట్ల పోయిందో తెలుసునా?" అనేవాణ్ణి. ఒకరికి నల్లమలలో పులి తిన్నదని చెప్పేవాణ్ణి. ఇంకొకరికి కొల్లాపూర్ అవతల కృష్ణలో ఈత కొడుతుంటే మొసలి పట్టిందని, దాని మూతి మీద గుద్ది బయటపడ్డానని చెప్పేవాణ్ణి. మొసలి కథకు గిరాకీ ఎక్కువ. పిల్లవాడు నోరు తెరిచి వింటుండగానే కట్టు రెండు చెక్కలై ఊడి వచ్చేది. కొత్తగా కట్టు వేసినప్పుడు కూడా, అది ఆరాక, దాని మీద పెన్నుతో ఒక మొసలి బొమ్మ వేసి పంపేవాణ్ణి.

మా హెడ్ సిస్టర్ నవ్వేది. "నీ ఏలేమో ఒక్కటి. తిన్న జంతువులేమో అడివంత ఉన్నయి" అనేది.

ఇది ఏ ఊరి దవాఖానో చెప్పను. మూడు ఊళ్ళలో పనిచేశాను, ఏదైనా అనుకోండి. తెలంగాణ వచ్చిన కొత్తల్లో సంగతి. పత్తి ఏరే రోజులు.

ఒక పాపను తీసుకొచ్చారు. రెండో తరగతి చదివే పిల్ల. తల్లి చేనులో పత్తి ఏరుతుంటే పాప, తమ్ముడు గట్టు మీద ఆడుకుంటున్నారు. ట్రాక్టర్ వెనక్కి వచ్చింది. పాప తమ్ముణ్ణి అవతలికి తోసింది గానీ తన కుడి కాలును ట్రాలీ చక్రం కింది నుంచి తీసుకోలేకపోయింది. తండ్రి షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ బట్టల మీదే పరుగెత్తుకొచ్చాడు. ఊరి నుంచి తండ్రి తల్లి, పాపకు అవ్వ, సద్దిమూటతో వచ్చింది. ఇంక ఆ మంచమే వాళ్ళకు ఇల్లయింది.

చిన్న పిల్లలున్న కుటుంబం వార్డులో ఎలా బతుకుతుందో మీరు చూసే ఉంటారు. తమ్ముడికి మూడేళ్ళుంటాయేమో, మంచం కింద చాప మీద వాడి కాపురం. పాప పైనుంచి చెయ్యి కిందికి వేలాడేస్తే వాడు ఆ వేళ్ళు పట్టుకుని నిద్రపోయేవాడు. తల్లి ఒకరికి గంజి తాపుతూ ఇంకొకరికి కథ చెప్పేది. వాడికి చెప్పే కథ పాపకు, పాపకు తాపే గంజి వాడికి పోయేవి. అవ్వ వార్డులో ఎవరిది ఏ ఊరో, ఎవరికి ఎవరు చుట్టమవుతారో కనుక్కునేది. వచ్చిన రెండు రోజులకే సగం వార్డు ఆమెకు వియ్యాలవారైంది.

ఒకనాడు చిన్నోడు నా గదిలోకి వచ్చి తన మంచి కాలు చాపాడు.

"తాతా, నాకు గూడ కట్టు."

"నీకేమైందిరా?"

"అక్కకు ఉన్నది. నాకు లేదు."

మిగిలిన ప్లాస్టర్ ముక్క తడిపి వాడి కాలికి చుట్టాను. మీద చిన్న మొసలి వేశాను. వాడు కుంటుకుంటూ వార్డంతా తిరిగాడు. పాప అది చూసి నవ్వింది. "వాడు ఏ కాలు కుంటాల్నో మర్శిపోయిండు, తాతా" అంది. నిజమే, కట్టు ఒక కాలికి ఉంటే వాడు రెండో కాలు కుంటుతున్నాడు.

పాప కాలును నిలబెట్టాలని డాక్టర్లు చాలా చూశారు. కోస్తా నుంచి వచ్చిన కుర్ర డాక్టర్ ఒకాయన ఉండేవాడు. ప్రతి పూటా వచ్చి పాప కాలి వేళ్ళను ముట్టుకుని చూసేవాడు. వేళ్ళు చల్లబడ్డాయి. తర్వాత నల్లబడ్డాయి. ఒక ఉదయం ఆయన వేళ్ళను ముట్టుకుని, చెయ్యి వెంటనే తియ్యకుండా అలాగే ఉండిపోయాడు. నాకు అర్థమైంది. మోకాలి కింద తీసెయ్యకపోతే విషం పైకెక్కి పిల్లే దక్కదన్నారు. తండ్రి సంతకం పెట్టాడు. పాపకు మాత్రం ఎవరూ చెప్పలేదు. "కడిగి కుట్లేస్తరు బిడ్డా" అంది తల్లి. అవ్వ మా అందరి ముఖాలు వరసగా చూసింది, ఎవరైనా నోరు జారితే ఊరుకోననే చూపుతో.

కోసిన భాగాన్ని అడిగిన వాళ్ళకు ఇచ్చే అలవాటు అప్పట్లో మా దగ్గర ఉండేది. అడగకపోతే పసుపు రంగు సంచిలో వేసి, చెత్త తీసుకుపోయే బండికి ఎక్కించేవాళ్ళం. ఇక్కడ మొదటి జగడం అవ్వకు, కొడుకుకు వచ్చింది.

"దవాఖానోళ్ళే చూసుకుంటరు, అమ్మా" అన్నాడు కొడుకు.

"ఏం చూసుకుంటరు? నా మనవరాలి కాలుర అది. కుక్కల పాలు చేస్తవా?"

"మరి యాడ వెడతవ్? బొందలగడ్డల వెడతవా?"

"థూ! బతికున్న పిల్లది బొందలగడ్డల ఎట్ల వెడతరు? మన చెలకల, గట్టు మీద తంగేడు చెట్టు కింద వెట్టాలె. అది ఆడుకున్న జాగ."

అవ్వ ముందే ఊరికి వెళ్ళి గుంత తీయించింది. ఆపరేషన్ అయ్యాక తెల్లగుడ్డలో చుట్టిన మూటను నేనే తండ్రి చేతికి ఇచ్చాను. అతను దాన్ని తువ్వాలలో కట్టుకుని బస్టాండుకు పోయాడు.

మధ్యాహ్నానికి తిరిగి నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు. మూట చేతిలోనే ఉంది.

"కాకా, బస్సు గూడ ఎక్కిన. కిటికి పక్కన సీటు దొరికింది. ఒళ్ళె పెట్టుకున్న." మూటను రెండు చేతుల్లోకి మార్చుకున్నాడు. "ఎన్నడు బస్సెక్కినా గట్లనే కూసునేది. నా తొడ మీద కాలేసి. గంతే బరువున్నది, కాకా. దిగి వచ్చిన. నాతోని గాదు. నువ్వే ఏదన్న చెయ్యి."

"మీ అమ్మ గుంత కాడ ఎదురుచూస్తాంది గదా?"

"అందుకే గదా నీ కాడికొచ్చిన."

నా బుర్ర చాలా చురుకైనదని మా వార్డులో పేరు. పేరు పెట్టింది నేనే అనుకోండి. ఆ పొద్దున ఒక పిల్లవాడికి కట్టు విప్పాను. ఆ కట్టు కాలు ఆకారంలోనే, రెండు చెక్కలుగా, మూలకు పడి ఉంది. రెండు చెక్కలూ కలిపి, దూది కుక్కి, పైన తెల్లగుడ్డ చుట్టి, అదే తువ్వాలలో కట్టి ఇచ్చాను. "విప్పొద్దని డాక్టర్ చెప్పిండను" అన్నాను. అసలు మూట పసుపు సంచిలోకి, సంచి బండిలోకి పోయింది. అతను నా చేతులు పట్టుకుని, ఆ కొత్త మూటతో మళ్ళీ బస్టాండుకు పోయాడు. ఒక మనిషి భారం దింపానని ఆ రోజంతా నా మీద నాకే చాలా గౌరవం కలిగింది.

పాప మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. దుప్పటి కింద ఒక వైపు చదునుగా ఉండటం తనే చూసుకుంది. ఎవరినీ అడగలేదు. పిల్లలు అడగకపోతే వాళ్ళకు తెలియదని పెద్దలు అనుకుంటారు. నాలుగో రోజు నోరు విప్పింది.

"అమ్మా, నా కాలు దురద పెడ్తాంది."

తల్లి ఎడమ కాలి మీద చెయ్యి వేసింది.

"ఇది గాదు. అది."

తల్లి గంజి గిన్నె కింద పెట్టింది. ఊరి నుంచి అప్పుడే వచ్చిన అవ్వ మంచం అంచున కూలబడింది. కుర్ర డాక్టర్ వచ్చి మెల్లగా చెప్పాడు. "కంగారు పడకండి, మామ్మగారూ. కాలు లేకపోయినా నరాలకు అదింకా గుర్తుంటుంది. కొన్నాళ్ళకు తగ్గుతుంది."

"నరాలకు గుర్తుంటే, మరి కాలుకు గుర్తుండదా?" అంది అవ్వ.

జవాబు పక్క మంచం దగ్గర దొరికింది. అక్కడ తుంటి విరిగిన ముసలాయన భార్య ఉంది. తమ ఊళ్ళో ఒకాయనకు ఇలాగే అయిందని, కోసిన చెయ్యిని వంకరగా పెట్టారని, చీమలు పట్టాయని, తవ్వి చక్కగా పెట్టాక నొప్పి పోయిందని చెప్పింది. అవ్వ విన్నది. మంచం మీంచి పాప కూడా విన్నది. పొద్దున్నే లేచి చూస్తే ఆమె మంచం దగ్గర లేదు.

తండ్రి నా గదికి పరుగెత్తుకొచ్చాడు. "కాకా, మా అమ్మ మొదటి బస్సుకే పోయింది. తవ్వి చూస్తనని పిల్లకు చెప్పి పోయిందట!"

నా స్కూటర్ తీశాను. గాలిలా పోయాం. అంటే, దారిలో రెండుసార్లు ఆగింది, రెండోసారి అతను చాలా దూరం తోశాడు. తోస్తున్నంత సేపూ నేను హ్యాండిల్ పట్టుకుని కథ తయారు చేస్తున్నాను. కోసిన కాలు పాడవకుండా డాక్టర్లు దానికి ప్లాస్టర్ వేస్తారని చెప్పాలి. లోపల ఏదని అడిగితే మందు వేసి కరిగించారని చెప్పాలి. మంచి కథే. పిల్లలైతే నమ్మేవాళ్ళు.

మేం చేరేసరికి ఆమె ఒక్కతే గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన గడ్డపార. గుంత తవ్వేసింది. తెల్లగుడ్డకు అంటిన పసుపు మట్టిలో కలిసిపోయి ఉంది. గుడ్డ విప్పింది. ఒళ్ళో కట్టు ఉంది. దాని మీద నా మొసలి, పళ్ళన్నీ బయటపెట్టి.

"అవ్వా, ఏందంటే, కోసినంక డాక్టర్లు దానికి ప్లాస్టర్..." మొదలుపెట్టాను.

ఆమె నా వైపు చూడలేదు. దూది బయటికి లాగి, రెండు చెక్కలూ ఒక చేత్తో కలిపి పట్టుకుని, లోపలికి రెండో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పోనిచ్చింది. వేళ్ళు అవతలి వైపు నుంచి బయటికి వచ్చాయి. ఆ వేళ్ళను ఆమె చాలాసేపు చూసుకుంది.

నా కథ అక్కడే ఆగిపోయింది.

"యాడున్నది?" అంది.

కొడుకు గట్టు కింద నిలబడి, "తెల్వదమ్మా" అన్నాడు.

నేను చెప్పాను. సంచి, బండి, ఎక్కడికి పోతుందో నాకు కూడా తెలియదని. ఏమీ కలపకుండా చెప్పాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మొసలి మీది మట్టిని బొటనవేలితో తుడిచింది.

"దీనికి పసుపు రాసిన" అంది. "గట్టిగ అద్దితే పిల్లకు నొస్తదేమోనని మెల్లగ రాసిన."

కొడుకు ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. ఆమె నన్నడిగింది, "నువ్వేనా వీనికి గిట్ల చెయ్యమన్నది?"

"అవు."

"నీకు మనవలున్నరా?"

"ఉన్నరు."

అంతే. కొడుకు కట్టును తీసి అవతల పారేయబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ముట్టకు. ఎవల పిల్లగానిదో. వాడు నడుస్తుండా?"

"నడుస్తుండు, అవ్వా" అన్నాను.

"అయితే మంచిగ పెట్టాలె."

నడుముకు దోపుకున్న వక్కల సంచి తీసింది. అందులోంచి ఒక పట్టగొలుసు తీసింది. ప్రమాదం జరిగిన రోజు పాప కాలి నుంచి మా సిస్టర్ కత్తిరించి తీసిన గొలుసు. దాన్ని కట్టు లోపల, మడమ ఉండాల్సిన చోట పెట్టింది. రెండు చెక్కలూ దగ్గరికి చేర్చి, గుడ్డ చుట్టి, గుంతలో చక్కగా, ఎటూ వంగకుండా పడుకోబెట్టింది. చీమలు ఉన్నాయేమోనని చుట్టూ చూసింది. తర్వాత మట్టి కప్పింది. మమ్మల్ని చెయ్యి వెయ్యనివ్వలేదు.

లేచి నిలబడి అంది, "పిల్లకు తెల్వద్దు. నీకు అబద్ధాలు మంచిగొస్తయి గద. గింత సాయం చెయ్యి."

ఇక్కడిదాకా చెప్పి, మామూలుగా నేను ఒక్క దూకు దూకి చివరికి పోతాను. పాప కొత్త కాలు పెట్టించుకుని బడిలో పరుగు పందెంలో మొదట వచ్చిందంటాను. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుని లేస్తారు. పందెం లేదు, గెలవడమూ లేదు. పెట్టుడు కాలు ఉంది. పెరిగే పిల్ల కాబట్టి అది ఊరికే పొట్టిదైపోతుంది. కొత్తది వచ్చేదాకా చంకలో కర్ర. ఇప్పుడు ఇంటర్ చదువుతోందని, మెట్లు లేని కాలేజీ వెతుక్కున్నామని తండ్రి మొన్న షాద్‌నగర్ బస్టాండులో కనబడి చెప్పాడు. అవ్వ పోయింది. పోయే ముందు గుంత సంగతి పాపకు తనే చెప్పిందట. లేకపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

ఆ రోజు మిగిలింది చెప్పి ముగిస్తాను.

అవ్వను స్కూటర్ మీద తీసుకొచ్చాను. కొడుకు బస్సులో వచ్చాడు. దారంతా ఆమె నా భుజం పట్టుకోలేదు, వెనక స్టెప్నీ టైరు పట్టుకుని కూర్చుంది. వార్డులోకి రాగానే పాప లేచి కూర్చుంది.

"అవ్వా, చూసినవా?"

"చూసిన, బిడ్డా. చీమలేం లేవు. సక్కగ పెట్టిన."

"నా పట్టగొలుసు?"

"అది గూడ ఆన్నే ఉన్నది."

పాప నా వైపు తిరిగింది. "నువ్వు గూడ చూసినవా, తాతా? ఉన్నదా?"

"చూసిన. ఉన్నది" అన్నాను. పట్టగొలుసు వరకు నిజమే.

"మరి ఇంక దురద ఎందుకు పెడ్తాంది?"

తల్లి అవ్వను చూసింది. అవ్వ నన్ను చూసింది. నా దగ్గర పులి ఉంది, మొసలి ఉంది. ఒక్కటీ పైకి రాలేదు. వేలు చాపాను.

"ఇది గూడ పెడతది, బిడ్డా. ఇప్పటికీ. లేని కాడ్నే."

"మొసలి తిన్న కాడనా?"

"మొసలి గాదు. గడ్డి కోసే మిషన్ల పోయింది. నేను గింతున్నప్పుడు."

"మరి ఏలు యాడ పెట్టిండ్రు?"

"ఎవరు పెట్టలేదు. గడ్డిల కలిసిపోయింది. బర్రె తిన్నదనుకుంట."

పాప నన్ను చూసింది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి నవ్వింది. "అబద్ధం! బర్రె ఏలు తింటదా? మొసలి ముచ్చటే నిజం." హెడ్ సిస్టర్ మందుల ట్రే పట్టుకుని అటు తిరిగి నిలబడింది. ఆ వార్డులో నేను చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని ఎవరూ నమ్మలేదు.

"దురద పెడితే ఏం చేస్తవు?" అని అడిగింది పాప.

"లేనిదాన్ని గోకలేం గద. పక్క ఏలును గోక్కుంట. జర తగ్గుతది. మొత్తం పోదు."

పాప ఆలోచించింది. ఎడమ కాలు ముందుకు చాపింది గానీ కుట్లు లాగి అంతవరకు వంగలేకపోయింది. మంచం కింది నుంచి చిన్నోడు బయటికి వచ్చాడు. వాడి కాలికి నేను చుట్టిన ప్లాస్టర్ అప్పటికి సగం ఊడిపోయి ఉంది. మంచం ఎక్కి అక్క పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఈడనా?"

"ఆడ గాదురా. బొటనేలు పక్కన."

"ఈడనా?"

"ఆ. జర కిందికి."

వాడు గోకుతుంటే ఆ కాలి పట్టగొలుసు మోగింది. అవ్వ తల వంచుకుని విన్నది. మోగి ఆగినప్పుడల్లా, మట్టి కింద ఉన్న ఇంకొకటి మోగడానికి సరిపోయేంత సేపు ఆమె కదలకుండా ఉండేది.